ఉన్నది ఉన్నట్టు డబ్బా మీద రాసి అమ్మండి: పాత సైనిక రైఫిళ్ళ తూటాల కంపెనీలకు, వ్యాపారులకు బహిరంగ లేఖ

పాతకాలపు బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగి నెట్టి ఒక్కో తూటా ఎక్కించే) సైనిక రైఫిళ్ళకు తూటాలు తయారుచేసే కంపెనీలకు, సైన్యాల మిగులు నిల్వలను కొని అమ్మే వ్యాపారులకు నమస్కారం.

మిమ్మల్ని ఒక్కటే అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు అమ్మే తూటా ఏ సంవత్సరంలో తయారైందో, దాని ప్రైమర్ (తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందుకు నిప్పంటించేది) ఎలాంటిదో, తూటా నుంచి బయటికి దూసుకెళ్ళే బుల్లెట్ వ్యాసం ఎంతో, ఏ ప్రమాణం ప్రకారం మందు నింపారో డబ్బా మీదా అమ్మకం ప్రకటనలోనూ స్పష్టంగా రాయండి. ధర తగ్గించమని నేను అడగడం లేదు. పాత సరుకు అమ్మొద్దని కూడా అనడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి, అంతే.

లైసెన్సు తీసుకుని ఈ రైఫిళ్ళను దగ్గర ఉంచుకుని, షూటింగ్ రేంజ్‌లో వాటితో కాల్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మోసిన్-నాగాంట్, త్రీ నాట్ త్రీ అని అందరూ పిలిచే లీ-ఎన్‌ఫీల్డ్, మౌజర్, కార్కానో, అరిసాకా, స్విస్ వాళ్ళ కె31... ఇవి వేరే దేశాలు, వేరే కాలాలు, వేరే ఆలోచనలతో పుట్టిన యంత్రాలు. కొన్నింటికి నూట ముప్పై ఏళ్ళు దాటాయి. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చే రైఫిల్‌కు తూటా కొనేవాడికి డబ్బా మీద క్యాలిబర్ (తూటా కొలత) పేరు ఒక్కటి ఉంటే దాదాపు సరిపోతుంది. రైఫిలూ తూటా ఒకే ప్రమాణాన్ని చూసి తయారైనవి కాబట్టి. మాకు అలా కుదరదు. మా చేతిలో ఉన్న రైఫిల్ తయారైనప్పటి నుంచి ఇప్పటిదాకా అదే పేరుతో రెండు మూడు రకాల తూటాలు వచ్చి ఉంటాయి. రైఫిలే మధ్యలో బ్యారెల్ (గొట్టం) మారి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) మారి, ఇంకో దేశం సైన్యంలో పనిచేసి వచ్చి ఉంటుంది.

మౌజర్ సంగతే తీసుకోండి. మీ ప్రకటనల్లో చాలాసార్లు "8 ఎంఎం మౌజర్" అని మాత్రమే ఉంటుంది. 1888లో జర్మనీ ఈ తూటాను మొదలుపెట్టినప్పుడు బుల్లెట్ వ్యాసం 0.318 అంగుళాలు. 1905 ప్రాంతంలో మొన తేలిన కొత్త బుల్లెట్ వచ్చాక అది 0.323 అయింది. షెల్ (బుల్లెట్‌నూ మందునూ పట్టి ఉంచే లోహపు గొట్టం) మాత్రం దాదాపు అదే. అంటే సన్నటి పాత బ్యారెల్ ఉన్న రైఫిల్‌లోకి లావు బుల్లెట్ తూటా కూడా ఎక్కే అవకాశం ఉంది. అలా కాలిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఈ భయంతోనే అమెరికా ప్రమాణం ఈ తూటాకు గరిష్ఠ ఒత్తిడిని 35,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఆపేసింది. యూరప్ ప్రమాణం 0.323 తూటాకు 3,900 బార్ దాకా, అంటే సుమారు 56,500 పీఎస్‌ఐ దాకా అనుమతిస్తుంది. ఒకే పేరుతో అమ్ముడయ్యే రెండు డబ్బాల మధ్య ఇంత తేడా!

1888 మోడల్ రైఫిల్ ఉన్నవాడికీ, 1940లో తయారైన 98కె మౌజర్ ఉన్నవాడికీ మీరు ఒకే డబ్బా చూపిస్తున్నారు. మొదటివాడికి యూరప్ ప్రమాణం తూటా గానీ, పూర్తి సైనిక ఒత్తిడితో నింపిన మిగులు తూటా గానీ చేతికిస్తే అతని ముఖానికి అర అడుగు దూరంలో ఏం జరగొచ్చో మీకు తెలుసు. రెండోవాడికి తక్కువ ఒత్తిడి అమెరికన్ తూటా ఇస్తే ప్రమాదమేమీ లేదు, గురి మాత్రం సైట్ (గురి చూసే సాధనం) మీది దూరపు అంకెలతో కలవదు. ఇద్దరికీ ఉపయోగపడే సమాచారం రెండే ముక్కలు: బుల్లెట్ వ్యాసం, ఒత్తిడి ప్రమాణం. రెండూ పట్టడానికి డబ్బా మీద ఒక్క వరుస చాలు.

ఇక ప్రైమర్. నా ఉద్దేశంలో మీరు కొనేవాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ అన్యాయం చేస్తున్నది ఇక్కడే.

పాత సైనిక తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ వాడేవారు. దానికి కారణం ఉంది. అది దశాబ్దాలు నిల్వ ఉన్నా పాడవదు, గడ్డకట్టే చలిలో కూడా నమ్మకంగా పేలుతుంది. సైన్యానికి కావలసింది అదే. కానీ పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మారి బ్యారెల్ లోపల పరుచుకుంటుంది. అది ఉప్పు, వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. గాలిలో తేమను లాగి ఉక్కును తినడం మొదలుపెడుతుంది. తేమ ఎక్కువున్న చోట ఒక్క రాత్రిలో బ్యారెల్ లోపల ఎర్రటి పొర కనబడుతుంది. నూనె పూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. కాబట్టి కాల్చిన రోజే వేడినీళ్ళతో బ్యారెల్, చాంబర్, బోల్ట్ ముఖం, అవసరమైతే ఫైరింగ్ పిన్ కూడా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పూయాలి.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు ఇది కష్టమైన పనేమీ కాదు. బోల్ట్ చేత్తో ఊడి వస్తుంది, బ్యారెల్‌లోకి వెనక నుంచి తిన్నగా నీళ్ళు పోయొచ్చు. ఆ కాలం సైనికులు చేసింది కూడా అదే. అందుకే కొరోసివ్ (ఇలా తుప్పు పట్టించే ప్రైమర్ ఉన్న) తూటా అంటే మాకు భయం లేదు. చాలామందిమి దాన్నే ఇష్టపడి కొంటాం. తెలియకుండా కాల్చడమే మా సమస్య. మీరు "నాన్ కొరోసివ్" అని రాస్తే మేము మామూలుగా తుడిచి పెట్టేస్తాం. వారం తర్వాత బోల్ట్ తీసి చూస్తే, వందేళ్ళు చెక్కుచెదరకుండా వచ్చిన బ్యారెల్ లోపల గుంటలు పడి ఉంటాయి. ఒక వ్యాపారి నాన్ కొరోసివ్ అని గట్టిగా చెప్పి అమ్మిన సరుకుతో నాకు ఇలాగే జరిగింది. అడిగితే, మాకు పైనుంచి అలాగే చెప్పారు అన్నారు. ఆ కాలం నాటి బ్యారెల్‌కు బదులు అలాంటిదే ఇంకొకటి ఎవరూ ఇవ్వలేరు.

దేశం పేరు చెబితే చాలు, ప్రైమర్ సంగతి కొనేవాడే ఊహించుకుంటాడు అని మీలో కొందరు అంటారు. అదీ నిజం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఎం1 కార్బైన్ అనే చిన్న రైఫిల్ తూటాలకు మొదటి నుంచీ నాన్ కొరోసివ్ ప్రైమర్ వాడింది. అదే సైన్యం, అదే సంవత్సరాల్లో పెద్ద రైఫిళ్ళకు వాడే .30-06 తూటాలకు మాత్రం కొరోసివ్ ప్రైమరే వాడింది. వాటిని మార్చింది 1950ల మొదట్లో, అదీ ఫ్యాక్టరీని బట్టి ముందూ వెనకా. స్విస్ వాళ్ళ జీపీ11 తూటా సైనిక తూటాయే అయినా కొరోసివ్ కాదు. సోవియట్ కాలపు 7.62×54ఆర్ (మోసిన్) తూటాలు చూడటానికి ఎంత కొత్తగా ఉన్నా కొరోసివ్ అనుకునే కడగాలి. కాబట్టి దేశం చెబితే చాలదు, క్యాలిబర్ చెప్పినా చాలదు. ఫ్యాక్టరీ, సంవత్సరం, రెండూ కావాలి. ఖచ్చితంగా తెలియనప్పుడు "కొరోసివ్ అనుకుని కడగండి" అని రాయండి. ఆ మాట చూసి మేము కొనడం మానేయం.

ఫ్యాక్టరీ, సంవత్సరం అన్నవి కొత్తగా కనిపెట్టాల్సిన సమాచారం కూడా కాదు. తూటా అడుగునే చెక్కి ఉంటాయి. సోవియట్ తూటా తిప్పి చూస్తే ఒక పక్క ఫ్యాక్టరీ అంకె, ఇంకో పక్క సంవత్సరం. త్రీ నాట్ త్రీ అడుగున తయారీదారు అక్షరాలు, సంవత్సరం, ఏ మార్క్ తూటానో కూడా ఉంటుంది. మార్క్ పక్కన "జెడ్" అక్షరం ఉంటే లోపల కార్డైట్ అనే పాతకాలపు మందు కాదు, నైట్రోసెల్యులోజ్ మందు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ అట్టపెట్టె దొరికితే దాని మీది చీటీ ఒకసారి చదవండి. బుల్లెట్ రకం, మందు ఏ ఫ్యాక్టరీలో ఏ సంవత్సరం ఏ లాట్‌లో (ఒకే విడతలో తయారైన సరుకులో) తయారైందో, షెల్ ఎక్కడిదో, ప్రైమర్ ఎక్కడిదో, అన్నీ విడివిడిగా అచ్చు వేసి ఉంటాయి. బాంబులు పడుతున్న నగరాల్లో, ముడిసరుకు దొరకని రోజుల్లో, కోట్ల తూటాలు చేస్తూ కూడా వాళ్ళు ఆ చీటీ అంటించడం మానలేదు. ఒక లాట్ తేడా చేస్తే ఆ లాట్ మొత్తాన్ని వెనక్కి తెప్పించాలి కాబట్టి. ఎనభై ఏళ్ళ క్రితం స్టోరులోని హవల్దారుకు దొరికిన సమాచారం ఇవాళ డబ్బు కట్టి కొనే మనిషికి ఎందుకు దొరకకూడదు?

ఆ చీటీని మొదట పారేసేది ఎవరో కూడా చెబుతాను. పెద్ద పెట్టెలు విప్పి చిన్న సంచుల్లో పోసి అమ్మేవాళ్ళు. మోసిన్ తూటాలు వచ్చే సీలు వేసిన రేకు డబ్బాలో 440 ఉంటాయి, చెక్కపెట్టెలో అలాంటి డబ్బాలు రెండు. అందరూ 440 కొనలేరు, చిల్లరగా అమ్మడం తప్పు కాదు. అయితే సీలు ఉన్నంతకాలం ఆ తూటాలు ఒకే లాట్‌వి, ఒకే రకం గాలిలో ఉన్నవి. విప్పి ఇంకో మూడు డబ్బాల సరుకుతో కలిపేశాక ఆ భరోసా పోతుంది. ఒకే సంచిలో మూడు సంవత్సరాలు, రెండు దేశాలు, తేలికపాటి బుల్లెట్ ఒకటి, పసుపు మొన ఉన్న బరువు బుల్లెట్ ఒకటి వస్తే, రేంజ్‌లో కాగితం మీద రంధ్రాలు ఎక్కడెక్కడో పడతాయి. అంతకంటే పెద్ద విషయం, వాటిలో ఒకటి సరిగ్గా పేలకపోతే మిగతావి నమ్మాలా వద్దా అన్నది కూడా తేల్చుకోలేం. చిల్లరగా అమ్మండి, కలపకండి. డబ్బా మీది అక్షరాలను ఫొటో తీసి ప్రతి సంచిలో ఒక కాపీ పెట్టండి.

వయసును తేలిగ్గా తీసుకోకూడదు. చల్లగా పొడిగా ఉంచిన తూటా డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా మొదటి రోజులాగే పేలడం నేను చూశాను. అదే తూటా ఎండకు కాగే రేకుల షెడ్డులో ఉంటే కథ మారిపోతుంది. నైట్రోసెల్యులోజ్ మందు తనంతట తానే నెమ్మదిగా విరుగుతుంటుంది. దాన్ని అదుపులో పెట్టడానికి డైఫినైలమైన్ లాంటి పదార్థం కలుపుతారు. అది అయిపోయాక విరగడం వేగమవుతుంది, వేడి దాన్ని ఇంకా తరుముతుంది. పుల్లటి ఘాటు వాసన, ఎర్రటి గోధుమరంగు ఆవిరి, షెల్ లోపలి నుంచి పచ్చగా తుప్పు కనబడితే ఆ తూటాల పని అయిపోయినట్టే.

ప్రైమర్ బలహీనపడితే ట్రిగ్గర్ నొక్కాక క్షణం ఆగి పేలుతుంది, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా. అందుకే తూటా పేలనప్పుడు గొట్టం గురి వైపే ఉంచి కనీసం అర నిమిషం, నిమిషం ఆగితే మరీ మంచిది, బోల్ట్ ముట్టుకోకూడదని నేర్పుతారు. ఇలా ఆగి పేలే లాట్ అని తెలిసి కూడా "అప్పుడప్పుడు కొంచెం ఆలస్యం అవుతుంది, పర్వాలేదు" అంటూ అమ్మేవాళ్ళున్నారు. దయచేసి అలాంటి సరుకు అమ్మొద్దు. మిగతా అన్నిచోట్లా చెప్పి అమ్మమని అడిగాను. ఈ ఒక్కచోట మాత్రం చెప్పినా అమ్మొద్దు.

నిల్వ ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. బ్రిటిష్ పాలనలో భారతదేశంలోని సైన్యం తూటాలు వానాకాలంలో వాటంతట అవే పగిలిపోయేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు, ఇత్తడి షెల్ మాత్రం చీలిపోయేది. దానికి "సీజన్ క్రాకింగ్" అని పేరు పెట్టారు కానీ కారణం చాలాకాలం అంతుపట్టలేదు. 1921లో పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, వానాకాలంలో ఆ తూటాలను ఖాళీగా ఉన్న గుర్రపుశాలల్లో దాచేవారు, అక్కడ గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఇత్తడి మీద పనిచేసేది. షెల్‌ను సాగదీసి తయారుచేసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువుకు ఆ అమ్మోనియా తోడై పగులు పట్టేది. షెల్ మెడను సరిగ్గా కాచి ఆ బిగువు తీసేయడం ఒక పరిష్కారం, అమ్మోనియాకు దూరంగా ఉంచడం ఇంకొకటి. ఇప్పటికీ మిగులు తూటాల్లో మెడ దగ్గర సన్నటి పగులు కనబడుతుంటుంది. ఆ తూటాలు ఎక్కడి గోదాముల్లో ఎలా ఉన్నాయో కొన్నప్పుడు మీరు అడిగారా? తెలిసింది మాకు చెప్పగలరా?

బుల్లెట్ వ్యాసం గురించి మౌజర్ దగ్గర కొంత చెప్పాను. అది ఒక్క మౌజర్ గొడవ కాదు. ఇటలీ కార్కానో 6.5 ఎంఎం అని పేరు పెట్టుకున్నా దానికి కావలసిన బుల్లెట్ 0.268 అంగుళాలు. మిగతా 6.5 తూటాల్లో ఉండేది 0.264. ఆ సన్న బుల్లెట్ కార్కానో బ్యారెల్‌లో గాడులను సరిగ్గా పట్టుకోదు, బుల్లెట్లు చెల్లాచెదురుగా పోతాయి. ఆ రైఫిల్‌కే చెడ్డపేరు వచ్చింది. అందులో సగం పాపం దానికి సరిపోని బుల్లెట్‌దేనని నా గట్టి నమ్మకం. ఫిన్లాండ్ వాళ్ళు బాగుచేసుకున్న మోసిన్ రైఫిళ్ళలో కొన్నింటి బ్యారెల్ రష్యా వాటికంటే బిగుతు. ఆస్ట్రియా స్టైయర్ ఎం95 రైఫిళ్ళలో మొదటి తూటా 8×50ఆర్, 1930ల్లో చాలావాటిని 8×56ఆర్‌కు మార్చి, ఆస్ట్రియాలో "ఎస్", హంగరీలో "హెచ్" అని బ్యారెల్ మీద పెద్ద అక్షరం కొట్టారు. స్విస్ 1889 మోడల్ రైఫిల్‌కు జీపీ11 పనికిరాదు, దాని యాక్షన్ (బోల్ట్, దాన్ని పట్టి ఉంచే భాగం) అంత ఒత్తిడికి చేసింది కాదు. "7.5 స్విస్, అన్ని పాత స్విస్ రైఫిళ్ళకూ" అని రాసిన ప్రకటన చూసినప్పుడల్లా నాకు టెన్షన్ పుడుతుంది. కొత్తగా ఆ రైఫిల్ కొన్న కుర్రాడు ఎవడో దాన్ని నమ్ముతాడు.

బుల్లెట్ లోపల ఉక్కు ఉందా అన్నది కూడా రాయాలి. చాలా రేంజ్‌లు అయస్కాంతం అంటుకునే బుల్లెట్‌ను లోపలికి రానివ్వవు. పైన రాగి పూతతో ఉక్కు తొడుగు మాత్రమే ఉన్నా అయస్కాంతం అంటుకుంటుంది, లోపల ఉక్కు గుండె ఉన్నా అంటుకుంటుంది. తేడా మీరు చెబితేనే తెలుస్తుంది. ఉక్కు గుండె బుల్లెట్ ఇనుప టార్గెట్లను పాడుచేస్తుంది, ఎండు గడ్డి ఉన్నచోట నిప్పురవ్వ కూడా లేపగలదు.

ఇప్పుడు కొత్త తూటాలు తయారుచేసే కంపెనీలతో రెండు మాటలు. మిగులు నిల్వలు అయిపోతున్నాయి. ఒకప్పుడు డబ్బాలు డబ్బాలుగా వచ్చిన సరుకు ఇప్పుడు విడివిడిగా లెక్కపెట్టి అమ్ముతున్నారు. 2021 సెప్టెంబరు నుంచి అమెరికా రష్యా తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు ఇవ్వడం ఆపింది. ఆ దేశంలో మోసిన్‌తో కాల్చేవాళ్ళు అలవాటుపడిన దారి దాంతో మూసుకుపోయింది. ఇక మా రైఫిళ్ళు పేలుతూ ఉండాలంటే దిక్కు మీరే. సెర్బియాలోని ప్రవి పార్టిజాన్ లాంటి కంపెనీ 8×56ఆర్, కార్కానో, అరిసాకా 7.7, ఫ్రెంచ్ 7.5 లాంటి ఎవరూ పట్టించుకోని క్యాలిబర్లను ఇప్పటికీ చేస్తోంది. అందుకు ఆ ఫ్యాక్టరీలో పనిచేసే ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అవి లేకపోతే ఎన్నో రైఫిళ్ళు ఇప్పటికే గోడకు వేలాడే వస్తువులయ్యేవి.

ఇలాంటి క్యాలిబర్లను మీరు ఏడాది పొడవునా చేయలేరని మాకు తెలుసు. యంత్రాలు ఒకసారి దానికి సర్దుకుంటే కొంతకాలం అదే చేసి, తర్వాత వేరే దానికి మారతారు. ఆ కొంతకాలం ఎప్పుడో ముందుగా ప్రకటించండి. వచ్చే ఏడాది ఫలానా నెలల్లో 7.7 చేస్తాం అని చెబితే మేము డబ్బు దాచుకుంటాం, ముందే ఆర్డర్ పెడతాం. మీకు కొనేవాళ్ళు ఎందరో తేలిపోతుంది. ఎక్కడా లేదు, ఉన్నట్టుండి వచ్చింది, రెండు రోజుల్లో మాయమైంది అన్న పద్ధతిలో లాభపడేది దాచిపెట్టి రెట్టింపు ధరకు అమ్మేవాళ్ళే.

వీలైనంత వరకు బాక్సర్ ప్రైమర్‌తో చేయండి. షెల్ అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది కాబట్టి కాల్చాక పాత ప్రైమర్‌ను తేలిగ్గా పొడిచి తీసి మళ్ళీ నింపుకోవచ్చు. రెండు రంధ్రాల బెర్డాన్ షెల్‌తో ఆ పని మహా కష్టం. అరుదైన క్యాలిబర్‌లో మీరిచ్చే ఒక్క ఇత్తడి షెల్ చాలాసార్లు పనికొస్తుంది. అలా రైఫిల్ వాడుకలో ఉన్నంతకాలం ఆ మనిషి మీ దగ్గరికి మళ్ళీ వస్తాడు. సైట్లు దేనికి సరిచేసి ఉన్నాయో కూడా చూడండి. త్రీ నాట్ త్రీ సైట్లు 1910 నాటి మార్క్ 7 తూటాకు, అంటే 174 గ్రెయిన్ల (బరువు కొలత) బుల్లెట్, సెకనుకు 2,440 అడుగుల వేగానికి గీసినవి. దానికి దగ్గరగా ఒక్క తూటా అయినా మీ జాబితాలో ఉంటే ఆ పాత అంకెలు మళ్ళీ నిజం చెబుతాయి.

వ్యాపారులకు చివరిగా ఒక మాట. ఇది చేయడానికి కొత్త చట్టమో, ఎవరి అనుమతో అవసరం లేదు. ఇప్పుడు మీ గోదాములో ఉన్న ప్రతి రకం సరుకులోంచి ఒక తూటా తీసి అడుగు భాగం ఫొటో తీయండి. డబ్బా మీది అక్షరాలు ఇంకో ఫొటో. ఆ రెండూ ప్రకటనలో పెట్టి, కింద ప్రైమర్ సంగతి, బుల్లెట్ వ్యాసం, అయస్కాంతం అంటుకుంటుందా లేదా అన్నది రాయండి. పది తూటాలు కాల్చి చూసి ఉంటే ఎన్ని సరిగ్గా పేలాయో అదీ రాయండి, ఒకటి పేలలేదన్నా సరే. అలా రాసిన సరుకుకు నేనూ, నాలాంటి చాలామందీ కొంచెం ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. వచ్చే లాట్‌తోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
పాత రైఫిళ్ళను ఇప్పటికీ రేంజ్‌కు తీసుకెళ్ళే ఒక కొనుగోలుదారు